నీటికాసులు: కంటిలో కబుర్లు మోసే రసాయనాలు

మా అమ్మకు చూపు పోయింది శుక్లాల వల్ల కాదేమోనన్న అనుమానం నాకు కలిగేసరికి ఆవిడ పోయి ఇరవై ఆరేళ్ళయింది.

1980లలో బరంపురంలో మా ఇంట్లో అందరం అనుకున్నది ఒకటే. అమ్మ కంట్లో పొర వచ్చింది, అది ముదరాలి, ముదిరాక ఆపరేషన్ చేయిద్దాం. ఆ రోజుల్లో ఎవరింట్లో చూసినా ఇదే మాట కనుక మాకేమీ వింతగా తోచలేదు. అమ్మ నడుస్తూ గడపకు తట్టుకునేది. పక్కన పెట్టిన మంచినీళ్ళ చెంబును కాలితో తన్నేసి, "ఇక్కడెవరు పెట్టార్రా?" అని మమ్మల్నే కేకలేసేది. అయితే ఎదురుగా నిలబడ్డ మనిషిని ఇట్టే గుర్తుపట్టేది. కళ్ళజోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించేది. ఎదురుగా ఉన్నది కనిపిస్తూ పక్కనున్నది కనిపించకపోవడం ఏమిటని మాలో ఒక్కరమూ ఆలోచించలేదు. పొర ముదిరిందని మేం ఆసుపత్రికి తీసుకువెళ్ళేనాటికి ఒక కన్ను పూర్తిగా, రెండోది ముప్పాతిక వంతు పోయాయి. పొర తీశారు. చూపు రాలేదు. నరం దెబ్బతిన్నదన్నారు. 1988లో అమ్మ పోయింది.

2014లో చదువుకునే అద్దాలు మార్పించుకుందామని నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి నా కంట్లోకి చాలాసేపు చూసి, "మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉండేవాండీ?" అని అడిగింది. లేవన్నాను. ఒక గిన్నె లాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, చుట్టూ చిన్న చిన్న వెలుగులు చూపించి, కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. ఎడమ కంటికి ఒక మూలంతా ఖాళీ. "నడిచేటప్పుడు గడపలు తట్టుకుంటున్నారా?" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు మంచినీళ్ళ చెంబు.

సిగ్గుపడవలసిన మాట ఒకటి చెప్పాలి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా మెడికల్ కాలేజీలో మందుల శాస్త్రం బోధించినవాణ్ణి. నీటికాసుల మందులు ఎలా పనిచేస్తాయో ఏటేటా నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పినవాణ్ణి. బల్ల మీద బొమ్మకూ ఇంట్లో అమ్మకూ మధ్య ముడి పడలేదు.

మన సంఘం సమావేశాల్లో కలిసిన పెద్దలు ఈ మధ్య నన్ను తరచు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "ఒక్క చుక్క మందుకు ఇంత చాదస్తమెందుకండీ? ఒకరోజు మానేస్తే ఏమవుతుంది? కంట్లో వేసుకునే మందుకి ఆయాసం ఉందా, గుండె జబ్బుందా అని ఆరాలెందుకు?" ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఒకచోటనే ఉంది. మన నరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషలో ఉంది. ఆ భాష గురించే ఈ వ్యాసం.

నీళ్ళు, జల్లెడ, నరం

నీటికాసులు అనగానే చాలామంది కన్నీళ్ళకు సంబంధించిన జబ్బనుకుంటారు. కన్నీరు కంటి బయటిది. ఈ నీరు లోపలిది. కంటిపాప వెనక సీలియరీ బాడీ అనే చిన్న కండరాల వలయం ఉంది. దాని మడతల్లో ఈ నీరు ఊరుతుంది. నిమిషానికి సుమారు రెండున్నర మైక్రోలీటర్లు. రోజంతా ఊరినదంతా పోగుచేసినా ఒక టీ చెంచా నిండదు. ఆ నీరు కంటిపాప గుండా ముందుకు వచ్చి, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడ లాంటి కణజాలం గుండా బయటికి ఇంకిపోతుంది. ఊరేదీ ఇంకేదీ సమానంగా ఉన్నంతకాలం కంటిలో ప్రెషరు మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఇంకే దారి బిగిస్తే ప్రెషరు పెరుగుతుంది.

ఆ ఒత్తిడి దెబ్బ తినేది కంటి వెనక ఉన్న నరం. కంటి నుంచి మెదడుకు వెళ్ళే ఈ నరం ఒక్క తీగ కాదు. పది పన్నెండు లక్షల సన్నని పోగుల కట్ట. ఒక్కొక్క పోగు రెటీనాలోని ఒక్కొక్క కణానికి తోక. ఈ తోకలన్నీ కంటి వెనక ఒక చిల్లుల పలక గుండా బయటికి పోతాయి. ప్రెషరు ఆ పలకను వంచినప్పుడు పోగులు నలుగుతాయి. మెదడు వైపు నుంచి ఈ కణాలకు బతకడానికి అవసరమైన పోషక పదార్థాలు ఆ పోగుల వెంటే వెనక్కి రావాలి. నలిగిన చోట ఆ రవాణా ఆగిపోతుంది. తిండి అందని కణం మెల్లగా చచ్చిపోతుంది. చచ్చిన కణం స్థానంలో కొత్తది పుట్టదు.

ఇది నొప్పి లేకుండా, పక్కచూపుతో మొదలై, ఏళ్ళ తరబడి సాగుతుంది. ఒక కంటికి కనపడని మూల రెండో కన్ను పూరిస్తుంది కనుక మనిషికి తెలియదు. పోగుల్లో నాలుగో వంతో మూడో వంతో పోతే గాని యంత్రపు పరీక్షలో కూడా లోటు స్పష్టంగా కనిపించకపోవచ్చు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ 1990ల చివరలో ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే జరిపింది. మెల్లగా సాగే రకం నీటికాసులున్నట్టు తేలినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా ఆ సంగతి అంతకుముందు తెలియదు. ఆ తర్వాత తమిళనాడులో జరిగిన సర్వేలదీ ఇంచుమించు ఇదే కథ. పైగా వారిలో చాలామందికి పరీక్షనాడు కంటి ప్రెషరు మామూలు హద్దులోనే ఉంది. అంటే ప్రెషరు ఒక్కటీ చూసి బాగుందనుకుంటే సరిపోదు. నరాన్ని చూడాలి.

కప్ప గుండె చెప్పిన రహస్యం

ఇక నరాల భాష సంగతి. నూరేళ్ళ కిందటి దాకా నరాలు విద్యుత్తుతోనే పనిచేస్తాయని చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మేవారు. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్పల గుండెలు తీసుకున్నాడు. మొదటి గుండెకు వచ్చే వేగస్ నరాన్ని కదిలిస్తే అది నెమ్మదించింది. ఆ గుండె తడిసిన ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోశాడు. నరం జోలికి పోకుండానే రెండో గుండె కూడా నెమ్మదించింది. అంటే నరం చివర ఏదో రసాయనం విడుదలై గుండెకు కబురు చెబుతోందన్నమాట. ఈ ప్రయోగం తనకు కలలో తోచిందని, మొదటి రాత్రి కాగితం మీద గిలికినది తెల్లవారి చదవలేకపోయానని, మరునాడు మళ్ళీ కల వస్తే అర్ధరాత్రే లేచి ప్రయోగశాలకు వెళ్ళానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ రసాయనమే అసిటైల్‌కోలిన్. 1936లో లోవీకి, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలా నరం చివరి నుంచి అవతలి కణానికి కబురు మోసే రసాయనాలను న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. మనం నాడీ దూతలు అనుకుందాం. అవతలి కణం మీద ఈ దూతలకు సరిపోయే తాళాలుంటాయి. వాటిని రిసెప్టార్లు అంటారు. దూత తాళంచెవి లాంటిది. సరైన తాళంలో పడితేనే తలుపు తెరుచుకుంటుంది. మందు రెండు రకాలుగా పనిచేయవచ్చు. మారు తాళంచెవిలా తలుపు తెరవవచ్చు, లేదా తాళంలో ఇరుక్కుని అసలు చెవిని పడనివ్వకుండా చేయవచ్చు.

కంటిలో ముఖ్యంగా ఇద్దరు దూతలు తిరుగుతుంటారు. అసిటైల్‌కోలిన్ కంటిపాపను చిన్నది చేస్తుంది, సీలియరీ కండరాన్ని బిగిస్తుంది. నార్‌ఎడ్రినలిన్ కంటిపాపను పెద్దది చేస్తుంది, నీరు ఊరడాన్ని అదుపు చేసే పనిలో పాలు పంచుకుంటుంది. నీటికాసుల చుక్కల మందుల్లో చాలా భాగం ఈ ఇద్దరి వ్యవహారంలో తలదూర్చేవే.

విషపు గింజ, చెమట పట్టించే ఆకు

చిత్రమేమిటంటే, దూతలున్నారని ఎవరికీ తెలియక ముందే వైద్యులు వాటిని వాడుకోవడం మొదలుపెట్టారు. ఇప్పటి నైజీరియాలోని కలబార్ ప్రాంతంలో ఒక విషపు గింజ ఉండేది. నేరం మోపబడ్డ మనిషి చేత దాన్ని తినిపించేవారు. బతికితే నిర్దోషి, చస్తే దోషి. స్కాట్లండ్ వైద్యులు 1860లలో ఆ గింజను పరీక్షించి, అది కంటిపాపను సూదిమొనంత చేస్తుందని కనుక్కున్నారు. దానిలోని ఫైసోస్టిగ్మిన్ అనే పదార్థాన్ని 1876లో లుడ్విగ్ లాక్వర్ అనే కంటి వైద్యుడు నీటికాసులకు మందుగా వాడాడు. ఆయనా నీటికాసుల రోగే. ఇంచుమించు అదే కాలంలో బ్రెజిల్ అడవుల్లోని జబొరాండి ఆకు నుంచి పైలోకార్పిన్ అనే మందు తీశారు. నోటిలో పడితే ధారగా చెమట, చొంగ పట్టించే ఆకు అది.

ఫైసోస్టిగ్మిన్ అసిటైల్‌కోలిన్‌ను త్వరగా నశించనివ్వదు. పైలోకార్పిన్ అసిటైల్‌కోలిన్‌కు మారువేషం. రెండింటి ఫలితం ఒకటే. సీలియరీ కండరం బిగుస్తుంది, ఆ లాగుడుకు జల్లెడ కన్నాలు విచ్చుకుంటాయి, నీరు ఇంకుతుంది. పైలోకార్పిన్ చుక్క నూరేళ్ళ పాటు నీటికాసుల రోగులకు ప్రధానమైన ఆధారం. దాని బాధలు దానికున్నాయి. కనుబొమ పైన నొప్పి, పాప కుంచించుకుపోయి సాయంత్రమయ్యేసరికి మసక, రోజుకు నాలుగుసార్లు వేసుకోవలసిన బెడద. ఇప్పుడు దాన్ని కొన్ని సందర్భాలకే పరిమితం చేశారు.

కంట్లో చుక్క, ఊపిరికి ముప్పు

పైలోకార్పిన్ తర్వాత పెద్ద మలుపు టిమొలాల్. 1978లో అమెరికాలో అనుమతి పొందింది. ఇది ఇంకే దారి జోలికి పోదు. నీరు ఊరే చోట నార్‌ఎడ్రినలిన్‌కు, దాని తోబుట్టువు ఎడ్రినలిన్‌కు ఉండే బీటా అనే తాళంలో ఇరుక్కుంటుంది. కబురు అందదు, ఊట తగ్గుతుంది. ధర తక్కువ, కన్ను మసకబారదు. అందుకే నేటికీ మన దేశంలో విస్తారంగా వాడుతున్నారు.

అయితే ఈ దూతలు కంటికి మాత్రమే పనిచేసే నౌకర్లు కారు. అదే బీటా తాళం గుండెలో ఉంది, ఊపిరి గొట్టాల్లో ఉంది. గుండెలో అది వేగాన్ని పెంచుతుంది. ఊపిరి గొట్టాలను తెరిచి ఉంచుతుంది. కంట్లో వేసిన చుక్క కంటి మూలనున్న కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి జారుతుంది. చుక్క వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడం చాలామందికి అనుభవమే. ముక్కు లోపలి పొర నుంచి మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్రగా మింగిన మందులా ముందుగా కాలేయంలో విరగదు.

దీన్ని నేను పాఠంగా చెప్పినది వేరు, ఇంట్లో చూసినది వేరు. నాకు జబ్బు బయటపడగానే తోబుట్టువులిద్దరికీ ఫోను చేసి కళ్ళు చూపించుకోమన్నాను. యానాంలో ఉన్న మా అక్కయ్య నెల తిరగకుండా కాకినాడ వెళ్ళి చూపించుకుంది. ఆవిడకూ ఉన్నాయి. చుక్కలు రాసిచ్చారు. మూడు నెలల తర్వాత ఫోనులో మాట్లాడుతుంటే మధ్య మధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటోంది.

"ఏమిటక్కయ్యా, ఆయాసమా?"

"వయసురా. రాత్రిళ్ళు పిల్లికూతలు. ఇక్కడి డాక్టరుగారు పీల్చే మందిచ్చారు. అంతగా గుణం కనిపించలేదు."

"కంట్లో ఏ మందు వేసుకుంటున్నావు? సీసా మీద పేరు చదువు."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. టిమొలాల్.

"చిన్నప్పుడు నీకు ఉబ్బసం ఉండేది కదా. కంటి డాక్టరుగారికి చెప్పావా?"

"ఆయన అడిగారు. లేదన్నాను. ఎప్పుడో పన్నెండేళ్ళప్పటి మాట అది. అయినా కంటి డాక్టరుకి నా ఊపిరి సంగతెందుకురా?"

ఆ రాత్రి చుక్క వేసుకోవద్దని, తెల్లవారగానే ఆ డాక్టరుగారినే కలిసి ఉన్న మాట చెప్పమని అన్నాను. ఆయన మందు మార్చారు. కొద్దిరోజుల్లో పిల్లికూతలు ఆగాయి, పీల్చే మందు అవసరం తప్పింది. ఇందులో ఆయన తప్పు లేదు. అడగవలసింది అడిగారు. చిన్న చుక్కకు ఊపిరికీ సంబంధం ఉంటుందని అక్కయ్యకు తోచలేదు. ఎంతమందికి తోస్తుంది?

ఆవిడకు ఇచ్చిన కొత్త మందు లటానోప్రాస్ట్. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఈ జాతి మందులు నాడీ దూతల జోలికి పోవు. కణాలు ఇరుగుపొరుగుకు పంపుకునే మరో రకం కబురును అనుకరించి, నీరు ఇంకడానికి వేరే దారిని సుగమం చేస్తాయి. రాత్రికి ఒక్క చుక్క చాలు. ఇవాళ చాలామందికి ముందుగా రాసేది ఈ జాతి మందే.

దూతలతో పనిచేసే మరో మందు బ్రైమోనిడిన్. నార్‌ఎడ్రినలిన్ విడుదల చేసే నరం చివరనే "చాలు, ఇక పంపకు" అని చెప్పే తాళం ఒకటుంది, ఆల్ఫా-2 అని. బ్రైమోనిడిన్ ఆ తాళం తెరిచి ఊటను తగ్గిస్తుంది. నోరెండడం, మగత, కొందరికి కన్ను ఎర్రబడి దురద దీని బాధలు. ఒక హెచ్చరిక మాత్రం బామ్మలకు, తాతయ్యలకు ప్రత్యేకంగా చెప్పాలి. ఈ మందు పసిపిల్లల మెదడులోకి సులభంగా చేరి, మత్తులో ముంచి ఊపిరినే ఆపగలదు. సీసాను మనవల చేతికి అందనివ్వకండి.

చీకటి, భయం, జలుబు మాత్ర

ఇంతవరకు చెప్పింది మెల్లగా వచ్చే నీటికాసుల సంగతి. మరో రకం ఉంది. కొందరికి పుట్టుకతోనే నల్లగుడ్డు అంచున నీరు ఇంకే మూల ఇరుకుగా ఉంటుంది. వారికి కంటిపాప సగం విచ్చుకున్నప్పుడు రంగు తెర వెనకనున్న కటకానికి అతుక్కుని, నీటికి దారి మూసుకుపోయి, గంటల్లో ప్రెషరు విపరీతంగా పెరగవచ్చు. కన్ను నిప్పులా ఎర్రబడుతుంది. తల పగిలే నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. వాంతులు చూసి పైత్యమనుకుని ఇంట్లో ఉండిపోయినవారు, తలనొప్పి మాత్ర వేసుకుని పడుకున్నవారు తెల్లవారేసరికి కన్ను పోగొట్టుకున్న సందర్భాలున్నాయి.

కంటిపాపను విప్పేది ఎవరు? మళ్ళీ దూతలే. చీకట్లో అసిటైల్‌కోలిన్ వెనక్కి తగ్గుతుంది. భయం, ఆందోళన కలిగినప్పుడు నార్‌ఎడ్రినలిన్ ముందుకు దూకుతుంది. కొన్ని మందులూ ఈ పని చేస్తాయి. మన పొలం గట్లమీద పెరిగే ఉమ్మెత్త అందరికీ తెలిసిన మొక్క. దాని రసం పొరపాటున కంటిలో పడితే పాప పెద్దదై రోజుల తరబడి అలాగే ఉంటుంది. ఉమ్మెత్తలోని ఎట్రోపిన్ జాతి పదార్థాలు అసిటైల్‌కోలిన్ తాళాన్ని మూసేస్తాయి. మనం దుకాణంలో కొనుక్కునే జలుబు మాత్రలు కొన్ని, మగత కలిగించే పాత రకం ఎలర్జీ మాత్రలు, మనోవ్యాధులకూ చేతి వణుకుకూ ఇచ్చే మందులు కొన్ని కొద్దో గొప్పో ఇదే పని చేస్తాయి.

జలుబు మాత్రల పెట్టె మీద గ్లకోమా రోగులు జాగ్రత్త అని ఉంటుంది. చదివి కొందరు భయపడి అవసరమైన మందులూ మానేస్తారు. ఆ హెచ్చరిక ముఖ్యంగా మూల ఇరుకైన కళ్ళకు. మీది ఏ రకమో డాక్టరుగారిని సూటిగా అడిగి తెలుసుకోండి. ఇరుకు మూల అని తేలితే లేజర్‌తో రంగు తెరలో సూక్ష్మమైన రంధ్రం చేస్తారు. కొద్ది నిమిషాల పని. నీటికి దొడ్డిదారి ఏర్పడుతుంది, ఆ హఠాత్ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

మేలు చేసే దూతే కీడు చేస్తే

చివరగా, శాస్త్రజ్ఞులను చాలాకాలం ఊరించిన ఒక దూత కథ. దాని పేరు గ్లుటమేట్. కంటిలోని వెలుగు కబురును మెదడు దాకా చేర్చేది ముఖ్యంగా ఇదే. వింత ఏమిటంటే, రెటీనాలో వెలుగును పసిగట్టే కణాలు చీకట్లోనే గ్లుటమేట్‌ను ఎక్కువగా వదులుతాయి. వెలుగు పడితే తగ్గిస్తాయి. ఆ తగ్గుదలే కబురు. పని ముగిశాక మిగిలిన గ్లుటమేట్‌ను పక్కనున్న సహాయ కణాలు ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంటాయి.

ఊడ్చకపోతే? 1957లో ఇంగ్లండులో ఇద్దరు పరిశోధకులు పసి ఎలుకలకు గ్లుటమేట్‌ను ఇంజెక్షనుగా ఇచ్చి చూస్తే రెటీనా లోపలి పొరల్లోని కణాలు చచ్చిపోయాయి. 1969లో అమెరికాలో జాన్ ఓల్నీ మెదడులోనూ ఇలాంటిదే చూపించాడు. దూత ఆగకుండా తలుపు కొడుతూ ఉంటే కణంలోకి కాల్షియం వరదలా వచ్చి దాన్ని చంపేస్తుంది. నీటికాసుల్లోనూ ఇదే జరుగుతోందేమో, ఒక కణం చచ్చి గ్లుటమేట్ ఒలికిస్తే అది పక్క కణాన్ని చంపుతోందేమో అనుకున్నారు. 1996లో నీటికాసుల రోగుల కళ్ళలో గ్లుటమేట్ ఎక్కువగా ఉందని ఒక నివేదిక వచ్చింది. తర్వాత కొలిచినవారికి ఆ తేడా కనిపించలేదు.

ఆశ మాత్రం బలంగా ఉంది. గ్లుటమేట్ తాళాన్ని కొద్దిగా అడ్డుకునే మెమాంటిన్ అనే మాత్రను మతిమరుపు జబ్బుకు ఇస్తుంటారు. దాన్ని రెండు పెద్ద పరీక్షల్లో, రెండు వేలమందికి పైగా నీటికాసుల రోగులకు నాలుగేళ్ళపాటు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. మందు వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ జబ్బు ముదరడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ వ్యాసం చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసుకుని కూర్చున్నాను. క్లాసులో అయితే ఒక పరీక్ష ఫలితమని చెప్పి ముందుకు పోయేవాణ్ణి. ఇప్పుడు నా ఎడమ కంటి మూల గురించిన తీర్పులా తోచింది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. ప్రెషరు మామూలుగా ఉండే నీటికాసుల రోగుల్లో టిమొలాల్‌నూ బ్రైమోనిడిన్‌నూ పోల్చిన అమెరికా పరిశోధన ఒకటి 2011లో వెలువడింది. రెండూ ప్రెషరును ఇంచుమించు ఒకేలా తగ్గించాయి. చూపు తగ్గడం మాత్రం బ్రైమోనిడిన్ వాడినవారిలో తక్కువగా కనిపించింది. అంటే ఆ మందు నరాన్నే నేరుగా కాపాడుతోందా? అయి ఉండవచ్చు. కాని బ్రైమోనిడిన్ పడక మధ్యలో మానేసినవారు చాలామంది కావడంతో తీర్పు తేలలేదు. నరానికి బలమిస్తాయంటూ అమ్మే మాత్రల విషయంలోనూ ఇదే మాట. అవి చుక్కల మందుకు బదులు కావు.

ఒక సందేహం ఇక్కడే తీరుస్తాను. గ్లుటమేట్ అనగానే చైనా వంటకాల్లో వేసే అజినొమోటో గుర్తొచ్చి భయపడనక్కరలేదు. పసి ఎలుకలకు సూదితో ఎక్కించినది వేరు, మనం తినేది వేరు. అజినొమోటో తినడం వల్ల నీటికాసులు వస్తాయనడానికి రుజువు లేదు.

ఇంటిల్లిపాదికీ నాలుగు మాటలు

ఇంత కథా చెప్పింది ఒక్క సంగతి కోసం. పోయిన పోగును ఏ దూతా తిరిగి తీసుకురాలేదు. ఉన్న పోగులను నిలబెట్టుకోవడానికి ఇవాళ రుజువైన మార్గం ప్రెషరును తగ్గించడం ఒక్కటే. అది చుక్కతో కావచ్చు, లేజర్‌తో కావచ్చు, ఆపరేషన్‌తో కావచ్చు.

చుక్క మందు తాళంలో కొన్ని గంటలే నిలుస్తుంది. తర్వాత అసలు దూత మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఒకరోజు మానేస్తే నొప్పి రాదు, మసక రాదు, ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఈ జబ్బు బలం. కాబట్టి వేళ తప్పనివ్వకండి.

ఒక్క చుక్కే వేయండి. అంతకంటే ఎక్కువ కంట్లో పట్టదు, చెంప మీదికి కారిపోతుంది. వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా అదిమి ఉంచండి. మందు కంట్లోనే నిలుస్తుంది, ఊపిరికీ గుండెకూ చేరేది తగ్గుతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్య అయిదు నిమిషాలు ఆగండి.

ఉబ్బసం, గుండె నెమ్మదిగా కొట్టుకోవడం, మీరు మింగే ఇతర మాత్రలు, చిన్నప్పటి జబ్బులతో సహా అన్నీ కంటి డాక్టరుగారికి చెప్పండి. ఇతర డాక్టర్ల దగ్గరికి వెళ్ళినప్పుడు కంటి చుక్కల సీసా కూడా వెంట తీసుకెళ్ళండి. చుక్కను మందుగా లెక్కపెట్టనివారే ఎక్కువ. కన్ను ఎర్రబడిందని దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకోవడం కూడా ప్రెషరును పెంచి నీటికాసులు తెచ్చిపెడుతుంది.

నలభై దాటినవారు కంటి అద్దాల దుకాణంలో నంబరు చూపించుకుని ఊరుకోకుండా, కంటి డాక్టరు చేత ప్రెషరు, నరం, నీరు ఇంకే మూల చూపించుకోండి. ఇంట్లో ఒకరికి నీటికాసులుంటే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన కుటుంబాలు ఒకరు బెంగుళూరులో, ఒకరు షోలాపూర్‌లో, ఒకరు రాయగడలో ఉంటాయి. ఒకరి జబ్బు మరొకరికి పెళ్ళిలో కలిసినప్పుడు గాని తెలియదు. అప్పుడు కూడా కంటి సంగతి ఎవరూ ఎత్తరు.

బెంగుళూరులోని మా తమ్ముడు రెండేళ్ళు వాయిదా వేశాడు. "నాకు బాగానే కనిపిస్తోంది అన్నయ్యా" అనేవాడు. చివరికి 2016లో, నా పోరు పడలేక వెళ్ళాడు. వాడికీ మొదలైంది. కాని చూపు పరీక్షలో ఒక్క మూల కూడా పోలేదు. ఇప్పటికీ పోలేదు. రాత్రి తొమ్మిదింటికి వాడు బెంగుళూరులో, అక్కయ్య యానాంలో, నేను బరంపురంలో చుక్క వేసుకుంటాం. వేసుకున్నావా అని అక్కయ్య ఫోను చేస్తుంది. ఒక్కొక్కరోజు ఆ మాట తప్ప మరో మాట ఉండదు.

మీ ఇంట్లో గడపలు తట్టుకునే పెద్దలుంటే, చెంబు అడ్డంగా ఎవరు పెట్టారని వెతకకండి. వారి కళ్ళు చూపించండి.